ఖాళీగా ఉంటే పచ్చ

ఏ పరికరమూ జతపడలేదు, అంటోంది కంప్యూటరు. జతపడకపోవడమేమిటి, నా కళ్ళెదుటే ఉంటేను. అనీసా ఫోను ఇదిగో బల్ల మీద ఉంది, తీగ ఒక కొస దాని నోట్లో, రెండో కొస లాప్‌టాప్ పక్కన, తెర మూలన ఛార్జింగు ఎక్కుతున్న గుర్తు కూడా వెలుగుతోంది, అయినా లేదంటోంది, ఇది ఎనిమిదోసారి. గడియారం ఎనిమిది దాటి ఏడు నిమిషాలు. తొమ్మిదింటికి బాపయ్య ఆటో వస్తుంది, మిరప కోతలకు ముఠాను ఎక్కించుకుని పోతుంది, ఆ ఆటోలో ముందు సీట్లో మేస్త్రిగా అనీసా కూర్చుంటుందా, ఆమె స్థానంలో మరొకరు కూర్చుంటారా అన్నది ఈ తీగ చివర వేలాడుతోంది. అనీసా అరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోంచి ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది, నిటారుగా, ఏడో తరగతిలో మూడో బెంచీలో కూర్చున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే, లెక్క తప్పని నేనంటే కాదని నిలబడి వాదించిన పిల్ల వీపు అది, ఆ రోజు లెక్క నిజంగా తప్పు కాదు, నల్లబల్ల మీద నేనే ఒక అంకె జారవిడిచాను.

డీబగ్గరు అంటే ఏమిటని నిన్న బాపయ్య అడిగాడు. యాప్ నడుస్తూ ఉండగా దాని లోపలికి తొంగిచూసే కిటికీ అన్నాను. యాప్ తాను చేసిన ప్రతి పనినీ ఫోనులో ఒక మూల రాసి పెట్టుకుంటుంది బాపయ్యా, ఎన్ని గంటలకు తెరిచారు, ఏమి అడిగారు, ఏ రంగు చూపించాను, అన్నీ, ఆ రాత చదవాలంటే ఫోను ఈ కంప్యూటరుతో మాట్లాడాలి. అతను తల గీరుకున్నాడు. పదో తరగతిలో కటకాల పాఠం చెప్పినప్పుడు గీరుకున్నట్టే.

ఆ యాప్ నేను రాసింది. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, ఇక చేతులు ముడుచుకుని కూర్చోమని ఎవరో అంటే ఒళ్ళు మండి కంప్యూటరు భాష నేర్చుకుని, ఏడు నెలలు కళ్ళు పాడుచేసుకుని రాశాను. పేరు ‘దిగొచ్చా’. చేనుకు మందు కొట్టిన రైతు ఏ మందు, ఎప్పుడు కొట్టాడో అందులో నమోదు చేస్తాడు. ఆ మందుకు ఎన్ని గంటలు ఆగాలో యాప్ లెక్క కడుతుంది. కోతకు వచ్చిన కూలీలు చేను పేరు నొక్కితే ఎరుపో పచ్చో కనిపిస్తుంది. ఎరుపైతే గట్టు మీద ఆగాలి, పచ్చయితే దిగొచ్చు, అంతే, చదువు రానివాళ్ళకు కూడా రంగు వస్తుంది కదా అనుకున్నాను, ఆ ఆలోచనకు నా భుజం నేనే తట్టుకున్నాను, ఇప్పుడు ఆ భుజం బరువుగా ఉంది.

సోమవారం సాయంత్రం బాపయ్య తన వాగు చేనుకు మందు కొట్టాడు, ఇంటికొచ్చి నమోదు చేశాడు, ఆరు ఇరవై, నేను చూశాను, అందులో సందేహం లేదు, యాప్ చెబుతుందిలే అని అతను ముఠాకు విడిగా చెప్పలేదు. మంగళవారం పొద్దున అనీసా ముఠా పన్నెండు మంది ఆ చేలోకి దిగారు. మధ్యాహ్నానికి ముఠాలోని జెస్సీ నోటినుంచి చొంగ, వాంతులు, సాలులోనే కూలబడింది, కంటిపాపలు సూదిమొనలంత అయ్యాయని ఆసుపత్రిలో చెప్పారట. ఇప్పుడు గుంటూరులో ఉంది, బతికింది, నిన్న జావ తాగింది. కానీ పచ్చ చూశాకే దిగామని అనీసా అంటోంది. ఊళ్ళోకి తిరిగొచ్చాక పెద్దలు ఆమె ఫోనే లాక్కుని చూస్తే ఎర్రగా ఉంది. నా ఫోనులోనూ ఎరుపే. ఎరుపు చూసి కూడా కూలి పోతుందని దించావన్నారు ఆమెను. మూడు రోజులుగా అంటూనే ఉన్నారు. ఆ సాయంత్రం నా ఫోను తెరిచి ఎరుపు చూసినప్పుడు నా గుండెలో మొదట కదిలింది జెస్సీ కాదు, హమ్మయ్య అన్న మాట. దాన్ని ఇక్కడ దాచను. ఒక మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగా నా యాప్ సరిగ్గా పనిచేసిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఒక్కొక్కటిగా మార్చు, అన్నీ ఒకేసారి మార్చకు, ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన మాట. బల్బు వెలగకపోతే ముందు బల్బు మార్చు, తరువాత తీగ, తరువాత బ్యాటరీ, ఏది మార్చినప్పుడు వెలిగిందో అక్కడే తప్పు. తీగ మార్చాను, లాభం లేదు. ఇదే తీగతో నా ఫోను పెడితే వెంటనే జతపడింది, కాబట్టి తీగ మంచిది, కంప్యూటరు మంచిది. అనీసా ఫోనులో డెవలపర్ ఆప్షన్లు తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగు ఆపి మళ్ళీ పెట్టాను. ఫోను ఆపి వెలిగించాను. కంప్యూటరు ఆపి వెలిగించాను. మిగిలింది ఏమిటి, ఫోను రంధ్రం, కానీ ఛార్జింగు ఎక్కుతోంది కదా, కరెంటు వెళ్తోందంటే దారి ఉన్నట్టే కదా, దాన్ని కొట్టేశాను. తీగ లాగి, ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చాను, మూడుసార్లు. మూడే ఎందుకు, రెండు ఎందుకు కాకూడదు, ఐదు ఎందుకు కాకూడదు. ఊదడం దేనికి. నవ్వొచ్చింది. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారే తంత్రాన్ని కత్తికి మందారపువ్వు రుద్ది యాభై ఊళ్ళలో విప్పి చూపించినదాన్ని, నిప్పుల గుండం మీద కాళ్ళెందుకు కాలవో లెక్క వేసి చెప్పినదాన్ని, ఒక తీగ ముందు కూర్చుని మూడుసార్లు ఊదుతున్నాను. నిన్న బాపయ్య తల్లి సుబ్బరావమ్మ వచ్చి, దిష్టి తగిలింది జయకుమారీ, రెండు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వెయ్యి అంటే, మిరపకాయల వల్లనే కదమ్మా ఇంత వచ్చింది అన్నాను, ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంఘ కాపరిగారు వచ్చి ప్రార్థన చేయమంటారా అంటే జెస్సీ కోసం చేయండి, కంప్యూటరు సంగతి నాకు వదిలేయండి అన్నాను. అంత ధాటిగా మాట్లాడినదాన్నే.

ఎనిమిది ఇరవై ఐదు. ఏ పరికరమూ జతపడలేదు. ఇది కలవకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు, నాకు ఏమీ కాదు. ఆ ఆలోచన ఎంత నెమ్మదిగా వచ్చి కూర్చుందో. ప్రయత్నించాను, కుదరలేదు, ఫోను పాతది, అంటే ఊరంతా నమ్ముతుంది, టీచరుగారు మూడు రోజులు కష్టపడ్డారు పాపం అంటుంది, యాప్ మంచిదిగానే మిగులుతుంది, దాన్ని వినుకొండ వైపు ఊళ్ళకు కూడా తీసుకుపోదామని వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉంటారు, ఒక్క అనీసా మాత్రం జీవితాంతం ఎరుపు చూసి పచ్చ అన్న మనిషిగా ఉంటుంది. తీగ లాగి చుట్టి సొరుగులో పెడితే చాలు. చెయ్యి తీగ మీదికి వెళ్ళింది కూడా. ఛీ, అన్నాను పైకే, గట్టిగా. అరుగు మీది వీపు కదిలింది.

“ఏమైంది టీచరమ్మా?”

“ఏం కాలేదు. నన్ను నేనే తిట్టుకుంటున్నా.”

“మీరు తిట్టుకుంటే మాకెక్కడ మిగుల్తయ్ తిట్లు, ఊరు మొత్తం నన్నే తిడతా ఉంది,” అంది, నవ్వు లేకుండా నవ్వుతున్నట్టు.

కబురు అందకపోవడం అంటే ఏమిటో నాకు పదహారేళ్ళ వయసులో తెలిసింది. డెబ్బై ఏడు తుఫాను. అమ్మను ఆపరేషనుకు గుంటూరు తీసుకుపోయి చిన్నాన్నను తోడుంచి నాన్న తిరిగొచ్చిన మర్నాడే గాలి మొదలైంది, స్తంభాలు ఒరిగాయి, పోస్టాఫీసు ఫోను చచ్చిపోయింది, వాగు పొంగింది. మా నాన్న జక్రయ్య క్రైస్తవుల గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి, మంచి మనిషి, ఆయన గొంతు ఎత్తితే వర్షం చప్పుడు కూడా వినిపించేది కాదు. మొదటి రోజు కబురు లేదు. రెండో రోజు లేదు. మూడో రోజు ఎవరు అడిగినా ఒకటే చెప్పాడు, కబురేమీ రాలేదుగా, బాగానే ఉండి ఉంటుంది. ఆదివారం గుడిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించాడు. తడిసిన చాపల మీద అందరం మోకరించాము, నేనే పాట ఎత్తుకున్నాను, చప్పట్లు కొట్టాను, అమ్మ బాగయినందుకు. సోమవారం సాయంత్రం వాగు తగ్గాక చిన్నాన్న వచ్చాడు, ఒంటరిగా, మెడదాకా బురదతో. అమ్మ శుక్రవారమే పోయింది. మేము చప్పట్లు కొట్టేనాటికి రెండు రోజులైంది. నాన్న మీద నాకు వచ్చిన కోపం దేవుడి మీదికి పోయింది, దేవుడి మీదినుంచి తెలియకుండా తెలుసుననే ప్రతి నోటి మీదికీ పోయింది, ఆ కోపమే నన్ను చదివించింది, బి.ఎస్సీ., బి.ఎడ్., సైన్సు మేళాలు, అన్నీ. కబురు రాకపోవడం కబురు కాదు. దీన్నే ప్రతి ఏడాదీ ప్రతి తరగతిలో మరో రూపంలో చెప్పాను, కొలవని చోట సున్నా వేయకండి, గీత పెట్టండి, సున్నా అంటే కొలిచాను, ఏమీ లేదు అని, గీత అంటే కొలవలేదు అని, ఈ రెండూ ఒకటని రాసినవాడికి ఒక మార్కు కోసేదాన్ని, ఏడ్చినా వేసేదాన్ని కాదు.

ఎనిమిది ముప్పై ఎనిమిది. తీగ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. దాని కొసను కిటికీ వెలుగులోకి తిప్పి, భూతద్దం తెచ్చి చూశాను. లోపల సన్నటి పళ్ళ వరుస. కరెంటు మోసే పళ్ళు కాస్త పొడుగు, సమాచారం మోసేవి కాస్త పొట్టి. ఎప్పుడో చదివాను, గుచ్చినప్పుడు ముందు కరెంటు తగలాలి, తరువాతే మాటలు సాగాలి అని అలా చేస్తారు. ముందు తిండి, తరువాత కబుర్లు. మరి తీగ పూర్తిగా లోపలికి దిగకపోతే? తిండి అందుతుంది, కబురు అందదు. ఛార్జింగు ఎక్కుతోంది కాబట్టి దారి బాగుందని కొట్టేశానే, అది ఎంత తప్పు తీర్మానం, ఒక దారి తెరిచి ఉందని రెండో దారి తెరిచి ఉందనుకున్నాను. ఫోను ఎత్తి చూశాను. తీగ కొసకూ ఫోను అంచుకూ మధ్య గోరు మందం సందు ఉంది. నా ఫోనులో లేదు.

“అనీసా! ఈ తీగ నీ ఫోనులో ఎప్పుడూ ఇంతేనా, లోపలికి దిగదా?”

“దిగదు టీచరమ్మా. దాన్ని కాస్త అదిమిపట్టి గోడకి ఆనించి పెట్టాలి. సంక్రాంతి ముందర్నించీ అంతే.”

“సంక్రాంతి ముందు ఏం పనికి పోయావు?”

“పత్తి తీతకి. ఎందుకు?”

“ఫోను ఎక్కడ పెట్టుకునేదానివి?”

“ఇంకెక్కడ, ఒళ్ళో. నడుముకి కట్టుకున్న పత్తి ఒళ్ళోనే. మెత్తగా ఉంటది, కిందపడదు, దెబ్బ తగలదు,” అని గుమ్మంలోకి వచ్చి నా ముఖం చూసి ఆగిపోయింది. “దానికి నవ్వుతున్నారేంది?”

ఫోను ఆపి, చీపురులోంచి ఒక పుల్ల విరిచి, రంధ్రంలో అంచుల వెంట తోసి పైకి లాగాను. మొదట ఏమీ రాలేదు. రెండోసారి ఒక పోగు. మూడోసారి అతుక్కుని గట్టిపడ్డ పత్తి ఉండ, మినపగింజలో సగం, మిరపపొడి పట్టి లేత ఎరుపు తిరిగి. పత్తి తీసినన్ని రోజులు ఒళ్ళోని దూది పోగులు దూరుతూ ఉంటే, ప్రతి రాత్రీ ఛార్జింగు తీగ వాటిని లోపలికి దట్టిస్తూ వచ్చింది. అరచేతిలో వేసి అనీసాకు చూపించాను. ఆమె నోరు తెరిచి, “దీనమ్మ, దీని వల్లనా!” అంది, వెంటనే నాలుక కరుచుకుంది. ఫోను వెలిగించి తీగ గుచ్చితే టక్ అని లోపలికి దిగింది, ఆ చప్పుడు ఇంతకుముందు ఒక్కసారీ వినలేదని అప్పుడు తెలిసింది. తెర మీద ప్రశ్న వచ్చింది. ఈ కంప్యూటరును లోపలికి అనుమతించాలా?

“నువ్వే నొక్కాలి. ఫోను నీది.”

“నొక్కితే మంగళవారం సంగతి మొత్తం కనిపిస్తదా?”

“మొత్తం. అది నీకు మంచిదో చెడో నాకు తెలియదు.”

“నాకు తెలుసుగా, నేను చూసింది పచ్చే,” అని, చీర కొంగుకు వేలు తుడుచుకుని నొక్కింది. అంత నిశ్చయం నాకు నా యాప్ మీద లేదు.

వరుసలు కదిలాయి. మంగళవారం, ఏడు గంటల పన్నెండు నిమిషాలు. తెరిచారు. చేను, బాపయ్య వాగు చేను. పాత జాబితా తుడిచాను. కొత్త జాబితా అడిగాను. సిగ్నలు లేదు. జవాబు రాలేదు. జాబితాలో మందులు, సున్నా. రంగు, పచ్చ. మరోసారి చదివాను. మధ్యాహ్నం పన్నెండు యాభై, ఊళ్ళోకి వచ్చాక, సిగ్నలు అందింది, మందులు ఒకటి, రంగు ఎరుపు. పెద్దలు చూసినది ఈ ఎరుపును. ఆమె చూసినది ఆ పచ్చను. ఇద్దరివీ కళ్ళే. ప్రోగ్రాములో ఆ వరుస వెతికి పట్టుకున్నాను, రెండేళ్ళ కిందట నేను రాసింది, పక్కన నా వ్యాఖ్య కూడా ఉంది, తెలుగులోనే, ఎంతో తీరిగ్గా రాసుకున్నది. ‘ఖాళీగా ఉంటే పచ్చ.’

ఖాళీగా ఉంటే పచ్చ. కబురేమీ రాలేదుగా, బాగానే ఉండి ఉంటుంది. అదే వాక్యం నాన్నా, అదే, మీరు గుడిలో నిలబడి చెప్పింది నేను ఇంట్లో కూర్చుని రాశాను, మీ గొంతుకు ఎదురు తిరిగి యాభై ఏళ్ళు నడిచి వచ్చి చివరికి మీ మాటనే కంప్యూటరుకు నేర్పాను, మీరు ఒక ఊరికి చెప్పారు, నేను ఎన్ని ఫోన్లలో చెప్పించానో. మీకు అప్పుడు వేరే దారి లేదు, వాగు పొంగింది, పిల్ల ఎదురుగా నిలబడి ముఖంలోకి చూస్తోంది. నాకు ఏ వాగు అడ్డం వచ్చింది. సున్నాకూ గీతకూ తేడా తెలియని పిల్లలకు కోసిన మార్కులన్నీ ఇప్పుడు నాకు ఎవరు కోస్తారు. అనీసా నా ముఖం చూస్తోంది. నేను ఏడవలేదు. ఏడిస్తే అది కూడా నా గురించే అవుతుంది.

“పచ్చే అనీసా. నువ్వు చూసింది పచ్చే. తప్పు నేను రాసిన దాంట్లో ఉంది.”

ఆమె బల్లకు దగ్గరగా వచ్చి నిలబడింది. తరువాత, “ఇంకొకసారి అనండి,” అంది. అన్నాను.

తొమ్మిదికి ఇంకా పద్నాలుగు నిమిషాలు. ఆ వరుస చెరిపేశాను. మూడో రంగు పెట్టలేదు, రంగులతో ఇక చాలు. తెల్లటి తెర మీద నల్లటి పెద్ద అక్షరాల్లో ఒకే మాట పెట్టాను, సిగ్నలు లేకపోయినా, ఎవరూ ఏమీ నమోదు చేయకపోయినా అదే రావాలి. మళ్ళీ ఎక్కించాను, ఈసారి ఫోను ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు. రెండేళ్ళలో నాకు తట్టని మాటకు ఆరు నిమిషాలు పట్టింది.

ఆటో చప్పుడు. బాపయ్య దిగి చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాడు. “ఏమైంది టీచర్ గారూ, అతుక్కుందా?”

చెప్పాను, మొదటినుంచీ. అతను నా వంక, తెర వంక, అనీసా వంక చూసి గొంతు తగ్గించాడు. మంచివాడే, మంచితనంతోనే అన్నాడు.

“పోనీ ఒక పని చేద్దామండీ. ఫోను పాతది, తిక్కతిక్కగా చూపించింది అందాం. అనీసా మాటా పోదు, మీ పేరూ పోదు. యంత్రం కదా, దాన్ని ఎవరేమంటారు?”

“ఫోను తప్పేమీ లేదు బాపయ్యా. నేను చెప్పినట్టే చేసింది అది. నా పేరు పోతే పోనీ, ఏమైనా అనేవాళ్ళు నన్నే అనాలి.”

అరుగు మీదికి వచ్చి నిలబడ్డాను. ఆటోలో పది మంది, ఒకరి మీద ఒకరు, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని. ముందు సీటు ఖాళీగా ఉంది. చివరి బెంచీకి వినపడే గొంతు నాకింకా ఉంది, దానితోనే చెప్పాను, అనీసా అబద్ధమాడలేదు, పచ్చ చూపించింది నా యాప్, తప్పు నాది, పది గంటల బస్సుకు గుంటూరు పోయి జెస్సీకి కూడా నేనే చెబుతాను. తువ్వాళ్ళ తలలు ఒకదాని వైపొకటి తిరిగాయి. తరువాత ఆటో లోపలినుంచి నసీమున్నీసా గొంతు లేచింది. “అట్టయితే మూడు రోజుల్నించీ దాని నోరు నొక్కారే, ఆ పెద్దమనుషుల్ని కూడా ఇక్కడికి పిలిపించండి, వాళ్ళూ చెప్పాలిగా!” ఆటో మొత్తం ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టింది.

“సరే సరే, ఎక్కు అనీసా, పొద్దెక్కుతోంది,” అన్నాడు బాపయ్య. “ఇయ్యాల మా అన్న చెంచయ్య చేలో కోత.”

అనీసా ఎక్కలేదు. ఫోను తీసి చెంచయ్య చేను నొక్కింది. ఇక్కడ సిగ్నలు నిండుగా ఉంది. ఆ చేను పేరు కింద మాత్రం ఇన్నాళ్ళలో ఒక్క నమోదూ లేదు, చెంచయ్యకు యాప్ వాడడం రాదు, నిన్నటిదాకా అయితే తళతళమని పచ్చ వచ్చి ఉండేది. ఆమె తెరను వెలుగుకు ఎత్తి, ఏడో తరగతి పిల్లలాగా కూడబలుక్కుని, అందరికీ వినపడేలా చదివింది.

“తె-లి-య-దు.”

“తెలియదంటే? దిగొచ్చా, దిగకూడదా?” అన్నాడు బాపయ్య.

“తెలియదంటే తెలియదు బాపయ్య గారూ. మీరు పోయి మీ అన్నని అడిగి రండి, ఏ మందు కొట్టాడో, ఎప్పుడు కొట్టాడో. డబ్బా కూడా పట్టుకురండి. తెలిసినాక దిగుతాం.” ఆటో వైపు తిరిగింది. “దిగండే.”

నసీమున్నీసా ముందు దిగింది. తరువాత మిగతావాళ్ళు, ఒక్కొక్కరే, బుట్టలు పట్టుకుని, అన్నం క్యారేజీలు పట్టుకుని, నా అరుగు మీద వరుసగా కూర్చున్నారు. బాపయ్య జేబులోంచి ఫోను తీసి అన్నకు కలిపాడు. అవతల మోగుతోంది, ఎత్తడం లేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దానికి ఈసారి నేను ఏ రంగూ వేయలేదు.